పాజ్ నొక్కే తమ్ముడికి ఒక బహిరంగ లేఖ

తమ్ముడూ,

పోయిన శుక్రవారం రాత్రి మా ఇంట్లో ‘ఆఫీస్ స్పేస్’ పెట్టుకున్నాం. గంటన్నర సినిమా. తొమ్మిదింటికి మొదలైంది. నువ్వు చెప్పులేసుకుని లిఫ్టు దగ్గరికి వెళ్ళేసరికి పన్నెండున్నర. మధ్యలో ఎన్నిసార్లు ఆపావో నేను లెక్కపెట్టలేదు. మీ వదిన రెండో విడత టీ తెచ్చినప్పుడు తెర మీద హీరో పీటర్ నోరు సగం తెరిచి నిలబడి ఉన్నాడు. ఆమె అందరికీ కప్పులు అందించి, తనది తాగి, ఖాళీ కప్పులు లోపలికి తీసుకెళ్ళేదాకా ఆ మనిషి మాట పూర్తి కాలేదు.

“అన్నా ఆగు, వెనక్కి పెట్టు. ఆ గ్లాసు చూడు. ఇందాక సగమే ఉంది, ఇప్పుడు నిండుగా ఉంది.”

అందరి కళ్ళూ గ్లాసు మీదికి వెళ్ళాయి. అది వేరే గ్లాసని ఒకరు, లైటింగ్ వల్ల అలా కనిపిస్తోందని ఇంకొకరు, ఐసు కరిగి ఉంటుందని మరొకరు. మూడుసార్లు వెనక్కి పెట్టి చూశాం. తేలలేదు. ఆ మూడుసార్లలో ఆ బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరు మనుషుల మొహాలు మనలో ఒక్కరమూ చూడలేదు. నిద్ర పట్టక ఆ రాత్రే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నీకు ఫోన్ చేసి చెప్పి ఉండొచ్చు. కానీ నీలాంటి తమ్ముడు ప్రతి ఇంటి హాల్లోనూ ఒకడు ఉన్నాడు. ఒక ఇంట్లో బావ, ఒక ఇంట్లో మేనల్లుడు, ఒక హాస్టల్ గదిలో రూమ్మేట్. తప్పు దొరికితే చాలు, రిమోట్ మీద బొటనవేలు పడుతుంది. అందుకే ఇది బహిరంగ లేఖ. నీ మీద నాకు ఉన్న ఇష్టం ఏమీ తగ్గలేదు. ఉన్న మాట చెబుతున్నాను, అంతే.

ముందు ఆ సినిమాకూ నాకూ ఉన్న బంధం చెప్పాలి. 1998లో నేను డాలస్ పక్కన ఇర్వింగ్‌లో దిగాను. అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని వైటూకే పని మీద అమెరికా వెళ్ళిన వేలమంది తెలుగువాళ్ళలో నేనొకణ్ణి. పాత బ్యాంకు ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లో రాసేవాళ్ళు. 1998కి బదులు 98. 2000 వచ్చేసరికి లెక్కలు తలకిందులవుతాయని ఆ రెండంకెల్ని నాలుగు చెయ్యడం మా పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే. 1999 ఫిబ్రవరిలో ఈ సినిమా విడుదలైంది. హాల్లో మేం చూడలేదు, మాకు తెలియను కూడా తెలియదు. ఆ తర్వాత ఎప్పుడో ఒక శనివారం రాత్రి మా నలుగురిలో ఒకడు వీడియో క్యాసెట్ అద్దెకు తెచ్చాడు. అందులో పీటర్ గిబ్బన్స్ తను చేసే ఉద్యోగం ఏమిటో రెస్టారెంట్‌లో పనిచేసే జొయానాకు చెబుతాడు: బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చెయ్యడం. మా నలుగురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. మా పని సినిమాలో ఎవడో చేస్తున్నాడు. అదీ మేముంటున్న టెక్సాస్‌లోనే. ఆ సినిమాను తీసింది ఆస్టిన్, డాలస్ చుట్టుపక్కలే.

అప్పటి క్యాసెట్‌ను ఆపితే బొమ్మ వణికేది, తెర మధ్యలో తెల్ల చారలు పరిగెత్తేవి. గ్లాసులో నీళ్ళెంత ఉన్నాయో చూసే వీలు లేదు. డీవీడీలు వచ్చాక బొమ్మ గోడకు అంటించినట్టు నిలబడింది, నీ అలవాటుకు పునాది పడింది. చిత్రమేమిటంటే ఈ సినిమా బతికింది కూడా క్యాసెట్ల వల్ల, డీవీడీల వల్ల, టీవీలో మళ్ళీ మళ్ళీ వేయడం వల్లే. కోటి డాలర్ల ఖర్చుతో తీస్తే అమెరికా హాళ్ళలో వచ్చింది దాదాపు అంతే. జనం ఇళ్ళల్లో పదిసార్లు, ఇరవైసార్లు చూశారు. ఏ సినిమానైనా ఇరవైసార్లు చూస్తే చొక్కా మీద ముడత కూడా లెక్కకొస్తుంది.

అసలు విషయానికి వస్తాను. ఈ సినిమా మొదట్లోనే ఏం జరుగుతుందో గుర్తుందా? పీటర్ ట్రాఫిక్‌లో నలిగి నలిగి ఆఫీసుకు వస్తాడు. కూర్చున్నాడో లేదో, బాస్ లంబర్గ్ కాఫీ కప్పు పట్టుకుని క్యూబికల్ గోడ మీద వాలతాడు. టీపీఎస్ రిపోర్టు మీద కొత్త కవర్ షీట్ పెట్టలేదట. పీటర్ మర్చిపోయానని ఒప్పుకుంటాడు. లంబర్గ్ వెళ్ళగానే ఇంకో మేనేజర్ వచ్చి అదే కవర్ షీట్ గురించి చెబుతాడు. ఆ తర్వాత ఫోన్, అందులోనూ కవర్ షీటే. రిపోర్టులో ఏముందో, అది ఎవరికి పనికొస్తుందో, ఆ ముగ్గురిలో ఒక్కరూ అడగరు. తర్వాత ఒక చోట పీటర్ తనకు ఎనిమిది మంది బాసులని, తప్పు జరిగితే ఎనిమిది మందీ వచ్చి చెబుతారని, అందువల్ల మనిషి ఉద్యోగం పోకుండా ఉండేంత మాత్రమే పని చేస్తాడని చెప్పుకుంటాడు.

ఈ సినిమా చెప్పదలచుకున్నది అదే, తమ్ముడూ. లోపలి సరుకును వదిలేసి పైకాగితాన్ని పట్టుకుని వేలాడే మనుషుల మధ్య ఒక జీవితం ఎలా ఎండిపోతుందో అది చూపిస్తుంది. రెస్టారెంట్‌లో జొయానా పరిస్థితీ అంతే. యూనిఫాం మీద కనీసం 15 బ్యాడ్జీలు పెట్టుకోవాలి. ఆమె 15 పెట్టుకుంది. మేనేజర్ వచ్చి, పదిహేనే పెట్టుకున్నావేమని నిలదీస్తాడు. ఆ మేనేజర్ వేషం వేసింది దర్శకుడు మైక్ జడ్జ్. ఆమె ఎంత బాగా పనిచేస్తుందో, వచ్చినవాళ్ళను ఎంత ఆప్యాయంగా పలకరిస్తుందో ఆ మేనేజరుకు పట్టదు. బ్యాడ్జీలు లెక్కపెడతాడు. శుక్రవారం రాత్రి నువ్వు గ్లాసులో నీళ్ళు లెక్కపెడుతుంటే నాకు ఆ మేనేజరే కళ్ళ ముందు మెదిలాడు. ఈ మాట నీకు కష్టంగా ఉంటుందని తెలుసు. అయినా చెప్పాలి. ఈ ఒక్క సినిమా చూస్తూ ఆ పని చెయ్యకూడదు.

తప్పులు లేవని నేను అనడం లేదు. ఉన్నాయి. నువ్వు పట్టుకున్నవాటిలో ఒకటి నూటికి నూరుపాళ్ళు నిజం. పీటర్ శుక్రవారం సాయంత్రం లంబర్గ్ కంట పడకుండా జారుకోవాలని కంప్యూటర్ మూస్తుంటాడు. ఫైలు సేవ్ కావడం ఎంతకీ తెమలదు. తెర మీద కనిపించే మెనూలు, కిటికీలు మ్యాకింటాష్ తరహావి. తీరా మూసేసరికి డాస్ ప్రాంప్ట్ కనిపిస్తుంది. అలాంటి యంత్రం లోకంలో లేదు. ఇర్వింగ్‌లో మేమూ అది చూసి అరిచాం. కానీ మా అరుపులో ఇంకొకటి కలిసింది. సరిగ్గా ఇంటికి బయల్దేరే వేళకు సేవ్ అవుతూ, సేవ్ అవుతూ ఉండే ఆ పట్టీని చూస్తే మా అందరి కడుపులోనూ ఒకటే కలుక్కుమంది. ప్రతి శుక్రవారం మేం పడే బాధ అది. యంత్రం అబద్ధం, బాధ నిజం. ఆ సీను తీసినవాళ్ళూ ఎప్పుడో అలా కూర్చున్నవాళ్ళేనని మాకు అర్థమైంది. జడ్జ్ భౌతికశాస్త్రం చదివి, ఇంజనీరుగా ఉద్యోగాలు చేసి, విసిగి వదిలేసి వచ్చిన మనిషి. ఈ సినిమాకు మూలమైన మిల్టన్ పాత్రను ఆయన ముందు చిన్న చిన్న యానిమేషన్ బొమ్మలుగా గీశాడు.

ఇక మిల్టన్ ఎర్ర స్టేప్లర్ సంగతి. దాని మీద నువ్వు గూగుల్ తెరిచి మరీ వాదించావు: “అన్నా, ఆ కంపెనీ అప్పటికి ఎర్రరంగు స్టేప్లర్ చెయ్యనే లేదు, ఇది ఫ్యాక్చువల్ ఎర్రర్.” నువ్వన్నది నిజమే. స్వింగ్‌లైన్ కంపెనీ అప్పుడు అలాంటిది అమ్మేది కాదు. తెర మీద కొట్టొచ్చినట్టు కనిపించాలని సినిమావాళ్ళు దానికి ఎర్రరంగు వేయించారు. ఆ తర్వాత జరిగింది కూడా చదివి ఉంటే బాగుండేది. సినిమా చూసినవాళ్ళు మాకు ఎర్ర స్టేప్లర్ కావాలని అడిగి అడిగి, చివరికి 2002లో ఆ కంపెనీ ఎర్ర స్టేప్లర్ మార్కెట్‌లోకి తెచ్చింది. సినిమాలోని తప్పు మూడేళ్ళలో లోకంలో ఒప్పయింది. నా టేబుల్ మీద ఉన్నది చూశావు కదా, అది అలా పుట్టిన వస్తువే.

సినిమా తీసేచోట ఈ తప్పులు ఎలా పుడతాయో నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. హైదరాబాద్ తిరిగొచ్చాక ఒక ఆఫీసులో పనిచేసేటప్పుడు, వార్షికోత్సవానికి మేమే ఒక షార్ట్ ఫిల్మ్ తీశాం. క్యాంటీన్‌లో ఇద్దరు ఉద్యోగులు మాట్లాడుకునే సీను, రెండు నిమిషాలు. కంటిన్యుటీ, అంటే షాటుకూ షాటుకూ అన్నీ కలిసేలా చూసే పని, నాకు అప్పజెప్పారు. చేతిలో నోటుబుక్కు, ఫోన్‌లో ఫోటోలు.

పొద్దున పది గంటలకు మొదట ఇద్దరూ కనిపించేలా దూరం నుంచి ఒక షాట్. ఒకతని ముందు సమోసా ప్లేటు, రెండో ఆమె ముందు కాఫీ. అతను మాట్లాడుతూ సమోసా కొరికాడు. ఆ షాట్ నాలుగు టేకులైంది, నాలుగు సమోసాలయ్యాయి. ప్రతిసారీ వేరే చోట కొరికాడు, వేరే మాట దగ్గర కొరికాడు. తర్వాత కెమెరా జరిపి అతని క్లోజప్ పెట్టారు. లైట్లు మార్చడానికి గంట పట్టింది. ఈలోగా మధ్యాహ్నం భోజనాలకు జనం వచ్చారు, మేం బల్ల ఖాళీ చెయ్యాల్సొచ్చింది. మూడింటికి మళ్ళీ అదే బల్ల, అదే ప్లేటు, కొత్త సమోసా. పొద్దున అతని మెడలో ఐడీ కార్డు తాడు కాలర్ కింద ఉంది, ఇప్పుడు పైన ఉంది. అది నేను పట్టుకున్నాను, సరిచేయించాను. కాఫీ ఎంత ఉందో ఫోటో చూసి పోయించాను. సమోసా మూల ఎంత విరిగిందో చూసి విరిపించాను. ఇన్ని చూసి, వాళ్ళ వెనక గోడ మీద పెద్ద గడియారం ఉందన్న సంగతే మర్చిపోయాను. ఎడిటింగ్‌లో కూర్చుంటే ఆమె ప్రశ్న పదీ ఇరవైకి, అతని జవాబు నాలుగున్నరకి.

అప్పుడు ఎడిటింగ్ చేస్తున్న అమ్మాయి నాకు రెండు ముక్కలు చూపించింది. గడియారం సరిపోయే టేకు ఒకటి ఉంది, పొద్దున్నే తీసింది. అందులో అతను జవాబును బట్టీపట్టినట్టు అప్పజెప్పాడు. గడియారం కుదరని టేకులో, ఉద్యోగం పోయిందన్న మాట చెప్పే ముందు ఒక్క క్షణం ఆగి ప్లేటు వైపు చూశాడు. ఆ చూపు ఎవరూ నేర్పింది కాదు. ఏది పెట్టాలో ఆమె నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. చూపు ఉన్న టేకే పెట్టింది. వార్షికోత్సవం నాడు మూడు వందల మంది చూశారు. గడియారం గురించి ఒక్కరూ అడగలేదు. ఆ క్షణం దగ్గర మాత్రం హాలంతా నిశ్శబ్దమైంది.

పెద్ద సినిమాల్లోనూ జరిగేది ఇదే, ఇంకా ఎక్కువ డబ్బుతో, ఇంకా ఎక్కువ జాగ్రత్తతో. ‘అపోకలిప్స్ నౌ’కు పనిచేసిన ఎడిటర్ వాల్టర్ మర్చ్ ఒక కోత మంచిదా కాదా అని తూచడానికి ఆరు కొలతలు చెప్పాడు. నూటికి 51 పాళ్ళు భావోద్వేగానికి ఇచ్చాడు, 23 కథకు, 10 లయకు. ప్రేక్షకుడి చూపు ఎక్కడుందన్నదానికి 7, తెర మీది అమరికకు 5. మనిషి ఎక్కడ నిలబడ్డాడు, ఎటు జరిగాడు అనే స్థలపు కంటిన్యుటీకి 4. ఆరింటిలో అది చివరిది. వీలైతే ఆరూ సాధించాలి, ఏదో ఒకటి వదులుకోక తప్పకపోతే కిందనుంచి మొదలుపెట్టాలి అన్నాడు. మార్టిన్ స్కోర్సెసీ సినిమాల్లో చేతులు, గ్లాసులు షాటుకు షాటుకు కలవవు. ఆయన ఎడిటర్ థెల్మా షూన్‌మేకర్ నటన కోసం వాటిని తెలిసే వదిలేస్తుంది. నువ్వు పాజ్ నొక్కి చూపించే ప్రతి తప్పు వెనకా ఎవరో నిద్రపోయారని అనుకుంటున్నావు. చాలాసార్లు అక్కడ ఒకరు మేలుకుని, రెండు టేకులు పక్కపక్కన పెట్టుకుని, ఏది పోగొట్టుకోవాలో తేల్చుకున్నారు.

ఇంకో సంగతి నీకు నచ్చుతుంది, ఎందుకంటే ఇది ప్రయోగం. 1997లో డేనియల్ లెవిన్, డేనియల్ సైమన్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక చిన్న సినిమా తీశారు. ఇద్దరు స్నేహితులు బల్ల దగ్గర మాట్లాడుకుంటారు. షాటుకూ షాటుకూ మధ్య కావాలనే తొమ్మిది తప్పులు పెట్టారు. మెడలో స్కార్ఫ్ ఉంటుంది, మాయమవుతుంది. బల్ల మీద ప్లేట్ల రంగు మారుతుంది. చూసినవాళ్ళలో దాదాపు ఎవరూ ఏదీ గమనించలేదు. ఇంకో సినిమాలో ఒక మనిషి బల్ల దగ్గర కూర్చుని ఉంటాడు, ఫోన్ మోగుతుంది, లేచి వెళ్తాడు. తర్వాతి షాటులో ఫోన్ ఎత్తింది వేరే మనిషి. చొక్కా వేరు, మొహం వేరు. అయినా మూడింట రెండు వంతుల మంది పోల్చుకోలేదు. మన చూపు అలా చేసి ఉంది. ఎవరో ఫోన్ ఎత్తడానికి వెళ్ళారు, ఎత్తారు, అంతవరకు పట్టుకుంటుంది. మిగిలింది వదిలేస్తుంది. సినిమా అనే కళ నిలబడింది ఆ వదిలెయ్యడం మీదే. నువ్వు దాన్ని అసమర్థత అనుకుంటున్నావు. నేను దాన్ని కథ వినే మనసు అంటాను. అమ్మమ్మ కథ చెబుతూ రాజుగారికి మొదట ఏడుగురు కొడుకులని, మధ్యలో ఆరుగురని అంటే మనం కథ ఆపించామా?

అలాగని ఏ తప్పూ పట్టొద్దని కాదు. నా కోపం కూడా కొన్నింటి మీద ఉంది. ఒక పాత్రకు తెలియని సంగతి తెలిసినట్టు మాట్లాడితే, నిన్న జరిగిన గొడవ ఈరోజు జరగనట్టు ఇద్దరూ నవ్వుకుంటే, అది కంటిన్యుటీ తప్పు కాదు, కథే తప్పు. అక్కడ నువ్వు పాజ్ నొక్కు, నేను నీ పక్షం. మన గొడవంతా ఎక్కడంటే, నువ్వు అన్నింటినీ ఒకే గాటన కడుతున్నావు. గ్లాసు మట్టమూ తప్పే, స్టేప్లర్ రంగూ తప్పే, పీటర్ స్నేహితుడు మైకేల్ బోల్టన్ పెట్టిన దశాంశ బిందువూ తప్పే.

ఆ మూడో దాని దగ్గర నువ్వు అన్న మాట నన్ను నిజంగా నొప్పించింది. ముగ్గురు స్నేహితులు కలిసి బ్యాంకు లెక్కల్లో సెంటులో ముక్కలను తమ ఖాతాలోకి మళ్ళించే ప్రోగ్రాం పెడతారు. ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా చేరాల్సిన డబ్బు శని, ఆదివారాల్లోనే మూడు లక్షల డాలర్లు దాటిపోతుంది. మైకేల్ బోల్టన్ దశాంశ బిందువును తప్పుచోట పెట్టాడు. “అంత పెద్ద ప్రోగ్రామర్ ఇంత చిన్న తప్పు చేస్తాడా? నమ్మేలా లేదు” అన్నావు. తమ్ముడూ, నేను కోబాల్ రాసినవాణ్ణి. కోబాల్‌లో అంకెతో పాటు చుక్కను నిల్వ చెయ్యరు. డిక్లరేషన్‌లో ‘వి’ అనే అక్షరం ఎక్కడ పెడితే అక్కడ చుక్క ఉన్నట్టు లెక్క. డేటా చూస్తే అంకెలే కనిపిస్తాయి, చుక్క కనిపించదు. ఆ ‘వి’ రెండు స్థానాలు జరిగిందంటే రూపాయి వంద రూపాయలవుతుంది, స్క్రీన్ మీద ఏ తేడా తెలియదు. నేను చూశాను అలాంటిది. ఒక రాత్రంతా కూర్చుని వెతికాం. అది చేసింది మా అందరిలోకీ తెలివైనవాడు. కాబట్టి ఆ సీను నమ్మేలా లేదని అనకు. సినిమా మొత్తంలో అంతకన్నా నిజమైన సీను లేదు.

కాలిన స్టేప్లర్ గురించి కూడా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే అక్కడే నువ్వు అసలు సినిమాను పోగొట్టుకున్నావు. మిల్టన్ ప్రాణమంతా ఆ స్టేప్లర్ మీదే. లంబర్గ్ దాన్ని లాక్కుంటాడు. మిల్టన్ టేబుల్‌ను అటూ ఇటూ జరిపించి, చివరికి పురుగులుండే బేస్‌మెంట్‌లోకి నెడతారు. జీతం ఆపేస్తారు. పుట్టినరోజు కేకు కూడా అతని దాకా వచ్చేసరికి అయిపోతుంది. ఆఖరికి మిల్టన్ ఆఫీసును తగలబెడతాడు. పీటర్ తప్పు ఒప్పుకుంటూ లంబర్గ్ గది తలుపు కింద తోసిన డబ్బు కూడా మిల్టన్‌కే దక్కుతుంది. ఆ శిథిలాలు ఎత్తే కూలి పనిలో పీటర్‌కి ఆ స్టేప్లర్ దొరుకుతుంది. “అన్నా ఇదేంటి, దానికోసమే వెళ్ళినవాడు దాన్ని తీసుకోకుండా ఎలా పోతాడు? ఇది తప్పు” అని ఆపేశావు. ఆ బొమ్మ మీదే పావుగంట వాదించుకున్నాం.

నువ్వు అడిగింది మంచి ప్రశ్న. సినిమా అయ్యాక అడగాల్సిన ప్రశ్న. జీవితమంతా ఒక వస్తువు కోసం గొణిగిన మనిషి, చేతికి కట్టలు వచ్చేసరికి దాన్ని మర్చిపోయాడా? మంటల్లో కనిపించలేదా? లేక అతనికి కావలసింది స్టేప్లర్ కాదా, తన వస్తువు తనది అని ఎవరైనా ఒక్కసారి అనడమా? చివరి సీనులో అతను సముద్రం ఒడ్డున కూర్చుని కూడా, తెచ్చిన డ్రింకు సరిగ్గా లేదని అదే గొంతుతో గొణుగుతూ ఉంటాడు. డబ్బొచ్చినా ఆ గొంతు మారలేదు. మనం ఆ గొంతు వినలేదు. అప్పటికి పన్నెండు దాటింది, సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు, నువ్వు ఇంకా స్టేప్లర్ దగ్గరే ఉన్నావు. రామాయణంలో పిడకల వేట అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

నీ కన్ను గొప్పదని నాకు తెలుసు. ఆఫీసులో నీ కోడ్ రివ్యూ అంటే నాకు ధైర్యం. హిచ్‌కాక్ 1959లో తీసిన ‘నార్త్ బై నార్త్‌వెస్ట్’లో ఫలహారశాల సీను ఒకటి ఉంది. హీరోయిన్ తుపాకీ పేల్చకముందే వెనక బల్ల దగ్గర కూర్చున్న ఒక పిల్లాడు చెవులు మూసుకుంటాడు. ఆ పిల్లాణ్ణి నాకు చూపించింది నువ్వే. రిహార్సల్‌లోనో ముందు టేకులోనో ఆ చప్పుడు విని ఉంటాడు, మళ్ళీ వస్తుందని భయపడ్డాడు. అరవై ఏళ్ళ కిందటి ఒక చిన్నపిల్లాడి భయం ఫిల్ములో అలాగే నిలిచిపోయింది. దాన్ని చూసినప్పుడు నాకు సినిమా మీద గౌరవం తగ్గలేదు, ఆ పిల్లాడి మీద ప్రేమ పుట్టింది. నువ్వు తప్పు పట్టుకున్నప్పుడల్లా నాకు అలా ఉండాలి. రెండోసారి చూసేటప్పుడు, పక్కన టీ పెట్టుకుని, “ఇది ఎందుకిలా అయ్యుంటుంది” అని అడుగుతూ వెతుకుదాం. రాత్రంతా వెతుకుదాం, నేను ఉంటాను. కోడిగుడ్డు మీద ఈకలు పీకే పని మొదటిసారి చూసేవాళ్ళ మధ్య మాత్రం వద్దు. శుక్రవారం మనతో కూర్చున్న ఆరుగురిలో నలుగురు ఆ సినిమా మొదటిసారి చూస్తున్నారు. ప్రింటర్‌ను పొలంలోకి మోసుకెళ్ళి బేస్‌బాల్ బ్యాటుతో చావగొట్టే సీనును వాళ్ళు రెండు ముక్కలుగా చూశారు. వాళ్ళకు ఆ మొదటిసారి మళ్ళీ రాదు.

ఈ శుక్రవారం ‘ది అపార్ట్‌మెంట్’ పెడుతున్నాను. బిల్లీ వైల్డర్, 1960. అదీ ఆఫీసు కథే. అందులో కనుచూపు మేర బల్లలు పరిచిన ఒక పెద్ద హాలు కనిపిస్తుంది. కళాదర్శకుడు అలెగ్జాండర్ ట్రావ్నర్ వెనక్కి వెళ్ళేకొద్దీ బల్లలు చిన్నవి చేయించాడు, వాటి ముందు పొట్టివాళ్ళను కూర్చోబెట్టాడు, అంతులేని ఆఫీసని మనం నమ్మాలని. కొలతలు తీస్తే ఆ హాలంతా అబద్ధం. ఆ అబద్ధానికి ఆయనకు ఆస్కార్ ఇచ్చారు. ముందే చెప్పేశాను కాబట్టి, అక్కడ ఆపి చూపించే పని నీకు లేదు.

ఎనిమిదిన్నరకల్లా వచ్చెయ్. మీ వదిన నీకిష్టమని పెసరట్లు వేస్తానంది. రిమోట్ టీవీ పైన పెడతాను. సినిమా అయ్యేదాకా దాన్ని అక్కడే ఉండనివ్వు.

నీ అన్న